పలక మీద చుక్క నుంచి కొండల దూరం దాకా: చిన్న పిల్లలకు చిత్రకళ మాటలు నేర్పే పద్ధతి

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం వైపు తెలుగు ఇళ్ళల్లో పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో ఒడియా చదువుతారు, డ్రాయింగ్ పుస్తకం తెరిస్తే ఇంగ్లీషు మాటలు కనిపిస్తాయి. "మా పాప బొమ్మలు బాగా వేస్తుంది, కానీ లైన్ అంటే ఏమిటి, షేప్ అంటే ఏమిటి అని అడిగితే బిక్కమొహం వేస్తుంది. ఎలా నేర్పాలి?" అని తల్లులు నన్ను తరచూ అడుగుతుంటారు. సాయంత్రం పూట ఒకటి నుంచి మూడో తరగతి పిల్లలకు బొమ్మలు నేర్పుతూ నాకు కుదిరిన క్రమాన్ని ఇక్కడ వివరంగా రాస్తున్నాను. వారానికి రెండు రోజులు, రోజుకు ఇరవై నిమిషాలు కేటాయిస్తే సుమారు పన్నెండు వారాల పని.

1. ముందు వరుస ఖాయం చేసుకోండి

మొదటి ఏడాది నేను నలభై మాటలతో ఒక చార్ట్ రాసి గోడకు అంటించాను. నెల తిరిగేసరికి పిల్లలు దాన్ని ఎక్కం అప్పజెప్పినట్టు అప్పజెప్పారు. "ఈ గదిలో ఏటవాలు గీత ఎక్కడుంది?" అని అడిగితే ఒక్కరూ చూపించలేకపోయారు. నిచ్చెన వాళ్ళ వెనకే గోడకు ఆనించి ఉంది. ఆ రోజే చార్ట్ తీసేశాను. చెయ్యి, కన్ను ముందు తెలుసుకున్నదానికే పేరు పెట్టాలి. పేరు ముందొస్తే అది నోటి దగ్గరే ఆగిపోతుంది.

నేను పాటించే వరుస ఇది:

- చుక్క, గీత: రెండు వారాలు
- ఆకారం: రెండు వారాలు
- రంగు: మూడు వారాలు
- ముదురు, లేత: ఒక వారం
- గరుకు, నునుపు: ఒక వారం
- వరుస, అద్దం బొమ్మ: ఒక వారం
- దగ్గర, దూరం: రెండు వారాలు

చాలామంది రంగుతో మొదలుపెడతారు. రంగులు చూశాక పిల్లలకు ఇంకేమీ కనబడదు, గీత వైపు మనసు పోదు. అందుకే నేను రంగును మధ్యలో పెడతాను.

2. సామాను

కొత్తగా కొనాల్సినవి తక్కువ.

- పలక, సుద్దముక్కలు
- వెనక ఖాళీగా ఉన్న పాత శుభలేఖలు, పాత నోటు పుస్తకాల పేజీలు
- మైనపు క్రేయాన్లు, పైన చుట్టిన కాగితం తీసేసినవి
- ఎరుపు, పసుపు, నీలం, తెలుపు పోస్టర్ రంగులు. నలుపు ఇప్పుడే వద్దు
- ఒక లావు బ్రష్, ఒక సన్న బ్రష్
- రంగులు కలపడానికి పాత ఇడ్లీ ప్లేటు. గుంటలు ఉంటాయి కనుక బాగా పనికొస్తుంది. ఒకసారి దీనికి వాడాక మళ్ళీ వంటింట్లోకి తేకండి
- నీళ్ళకు రెండు డబ్బాలు: ఒకటి బ్రష్ కడగడానికి, ఒకటి మంచి నీళ్ళు
- కొంచెం బియ్యప్పిండి, చపాతీ పిండి ముద్ద

3. ఒక్కో మాటకు ఐదు మెట్లు

ఏ మాటైనా ఇదే దారి. తొందరపడి మెట్టు దాటేస్తే మళ్ళీ వెనక్కి రావాల్సి వస్తుంది.

ఒకటి, వస్తువును తాకనివ్వండి లేదా ఒంటితో చేయించండి. రెండు, అప్పుడు పేరు చెప్పండి, అదీ ఇంటి మాటలో. మూడు, చుట్టూ వెతకమనండి: "ఇలాంటిది ఇంకోటి చూపించు." నాలుగు, గీయించండి. ఐదు, తన బొమ్మ గురించి ఆ మాట వాడి ఒక వాక్యం చెప్పించండి.

ఐదో మెట్టునే ఎక్కువమంది వదిలేస్తారు. బొమ్మ పూర్తయింది కదా అని పుస్తకం మూసేస్తారు. "నా చేప మీద అల గీతలు వేశాను" అని పిల్ల తన నోటితో అన్నప్పుడే ఆ మాట తనదవుతుంది. వాక్యం రాకపోతే సగం మీరు అందించండి: "ఇక్కడ నేను ఒక... గీత వేశాను." మిగతా సగం పిల్ల పూర్తిచేస్తుంది.

రోజుకు ఒక కొత్త మాట చాలు. రెండు దాటకండి.

4. మూడు భాషల చిక్కును ఎలా విప్పాలి

సరిహద్దు జిల్లాల్లో నేర్పేవాళ్ళు ప్రత్యేకంగా చూసుకోవాల్సిన విషయం ఇది. ఒకసారి రెండో తరగతి పిల్లాడు వచ్చి, "అక్కా, కళ అంటే నలుపా?" అని అడిగాడు. వాడి తప్పేమీ లేదు. ఒడియాలో 'కళా' అంటే నలుపు, చిత్రకళలో కళ కూడా అదే మాట.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. ఒడియాలో 'గోల' అంటే గుండ్రం, మనకు గోల అంటే అల్లరి. 'గార' అంటే అక్కడ గీత, మనకు గోడకు పూసేది. 'చిక్కణ' అంటే నునుపు, మనకు చిక్కన అంటే పాలో పప్పుచారో గుర్తొస్తుంది. వీటిని దాచకండి, పిల్లలకు విడమరిచి చెప్పండి. రెండు అర్థాలకూ పక్కపక్కనే బొమ్మలు వేయిస్తే ఇక మరిచిపోరు.

కలిసొచ్చే మాటలూ ఉన్నాయి. రేఖ, బిందువు, త్రిభుజం, ఆకృతి రెండు భాషల్లోనూ దాదాపు ఒకటే. పసుపును ఒడియాలో 'హళదియా' అంటారు, అదీ వంటింటి పసుపు నుంచి వచ్చిందే. ఎరుపు నాలి, నీలం నీళ, ఆకుపచ్చ సబుజ, తెలుపు ధళా.

నా పద్ధతి: మొదటి రోజు తెలుగు మాట ఒక్కటే. మరుసటి పాఠంలో, పిల్ల ఆ వస్తువును తడబడకుండా చూపించాక, "దీన్నే మీ బడిలో ఏమంటారు?" అని తననే అడుగుతాను. ఇంగ్లీషు మాట చివర్లో, క్రేయాన్ పెట్టె మీదో పుస్తకంలోనో కనిపించినప్పుడు చెప్తాను. మూడూ ఒకేసారి రుద్దకండి.

5. చుక్క, గీత

బియ్యప్పిండి ముగ్గుతో మొదలుపెట్టండి. వాకిట్లో అమ్మ పెట్టే చుక్కే మొదటి మాట. ఆ చుక్క నడిస్తే గీత అవుతుంది. పిల్లను నేల మీద నడిపించండి: తిన్నగా, వంకరగా, గుండ్రంగా. తను నడిచిన దారిని పలక మీద గీయమనండి.

గీతల పేర్లు ఈ వరుసలో బాగా ఎక్కుతాయి:

- నిలువు గీత: కరెంటు స్తంభం
- అడ్డగీత: పడుకున్న కర్ర
- ఏటవాలు గీత: గోడకు ఆనించిన నిచ్చెన
- వంపు గీత: కొడవలి
- అల గీత: ఎండలో పాకే పాము
- రంపపు పళ్ళ గీత: రంపం అంచు
- చుట్ట గీత: జిలేబీ

వంపు గీతకు అక్షరాలు బాగా సాయం చేస్తాయి. ఒడియా అక్షరాల్లో చాలావాటి నెత్తిన గొడుగులాంటి వంపు ఉంటుంది. ఒడియా 'ఠ' అయితే నిండు గుండ్రం. మన సున్నా కూడా అంతే. పిల్ల రోజూ రాసే అక్షరంలోనే గీత దొరికితే కొత్తగా బెదిరేదేమీ ఉండదు.

గీతకు ఇంకో గుణం ఉంది: లావు, సన్నం. క్రేయాన్ మొనతో సన్న గీత, పక్కకు పడుకోబెట్టి లావు గీత వేయించండి. 'లైన్‌లో నిలబడండి' అని బడిలో విని లైన్ అంటే పిల్లల వరుస అనుకునేవాళ్ళు ఉంటారు. ఆ రెండూ వేరని ఇక్కడే చెప్పేయండి.

6. ఆకారం

గీత బయలుదేరిన చోటికే తిరిగి వస్తే ఆకారం. ఈ ఒక్క వాక్యం పిల్లల చేత చేయించి చూపించండి. దారం ముక్క ఇచ్చి రెండు కొసలు కలపమనండి. కలిసేదాకా గీత, కలిశాక ఆకారం.

వృత్తం, త్రిభుజం, చతురస్రం, దీర్ఘచతురస్రం చాలు. ఈ వయసులో 'గుండ్రం', 'మూడు మూలలది' అన్నా సరే. పుస్తకం మాట మెల్లగా వస్తుంది. ఆకులాంటి, మబ్బులాంటి పేరు లేని ఆకారాలు కూడా ఆకారాలే అని తప్పకుండా చెప్పండి. లేకపోతే పేరున్నవే ఆకారాలని పిల్లలు అనుకుంటారు.

చదునైన ఆకారానికీ, చేత్తో పట్టుకునే ఆకారానికీ తేడా చెప్పడానికి చపాతీ పిండి చాలు. ఒత్తితే వృత్తం, చేతుల్లో ఉండ చేస్తే గోళం. పొడుగ్గా దొర్లిస్తే స్థూపం. ఒక కొస సన్నం చేస్తే శంఖువు.

వెతకడానికి మన చుట్టూ ఎంతో ఉంది. బరంపురం పట్టుచీర ఇంట్లో ఉంటే అంచు తీసి చూపించండి. కుంభం అనే ఆ గుడి గోపురాల అంచులో త్రిభుజాలు లెక్కపెట్టమనండి. నియమగిరి కొండల్లోని డొంగ్రియా కొంధు గిరిజనుల శాలువ మీద సూదితో కుట్టిన గీతలు, త్రిభుజాలు ఉంటాయి. చాటికోన బుధవారం సంతకు వెళితే ఆ శాలువలు కనిపిస్తాయి. కట్టుకున్నవాళ్ళను అడగకుండా ఫోటో తీయకండి, పిల్లలకూ ఆ మర్యాద నేర్పండి.

సవరల ఇడితాల్ చిత్రాల్లో మనిషి ఒళ్ళు త్రిభుజాలతో కనిపిస్తుంది. ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో తెల్లగా వేస్తారు, ముందు చుట్టూ అంచు గీసి లోపలికి నింపుతూ వస్తారు. అది వాళ్ళ ఇంటి దేవుళ్ళ కోసం, పెద్దల కోసం వేసే పూజ చిత్రం. పిల్లలకు ఆ మాట చెప్పాకే త్రిభుజాలు వెతకమనండి.

7. రంగు: ఇక్కడ నిదానించండి

మొదటి చిక్కు 'పచ్చ'. తెలుగిళ్ళల్లో పచ్చ అంటే ఒకరికి ఆకు రంగు, ఒకరికి పసుపు. "పచ్చగా మెరిసిపోతోంది" అని మామ్మ బంగారం గురించి అంటుంది, "పచ్చని చేను" అని తాత అంటాడు. పిల్ల ఏది తీయాలి? క్లాసులో ఒక్క 'పచ్చ' వాడొద్దు. ఆకుపచ్చ, పసుపు అని విడివిడిగా అనండి.

రెండోది, గోధుమ రంగు. గోధుమ గింజ ఎప్పుడూ చూడని పిల్లకు ఈ పేరు ఏమీ చెప్పదు. ముందు మట్టి రంగు అనండి, పుస్తకం పేరు తరువాత. ఊదాను కూడా వంకాయ రంగుతో మొదలుపెట్టండి.

మొదటి వారం మూడు రంగులే: ఎరుపు, పసుపు, నీలం. పోస్టర్ రంగుల్లో వీటిని వేరే రంగులు కలిపి చేయలేం కనుక ప్రాథమిక రంగులు అంటారు. ఒక్కో రోజు ఒక్కో రంగు వస్తువులు ఇంట్లో నుంచి ఏరి తెమ్మనండి. ఎరుపు రోజున తెచ్చినవన్నీ ఒకే ఎరుపు కావని పిల్లలే గమనిస్తారు.

రెండో వారం కలపడం. ఇక్కడ కొలత ముఖ్యం.

- ఆకుపచ్చ: ముందు పసుపు వేసి, నీలం బ్రష్ మొనతో కొంచెం కొంచెంగా కలపండి. ముందు నీలం వేస్తే డబ్బా పసుపు పోసినా లేత ఆకుపచ్చ రాదు
- నారింజ: పసుపులో కొంచెం ఎరుపు
- ఊదా: ఎరుపులో కొంచెం నీలం

ఊదా దగ్గర చాలామంది ఆగిపోతారు, బురద రంగు వస్తుంది. నారింజ ఛాయ ఉన్న ఎరుపును నీలంతో కలిపితే అంతే. నారింజ ఛాయలో పసుపు దాగి ఉంటుంది, మూడూ కలిస్తే మట్టి రంగే వస్తుంది. కొంచెం గులాబీ వైపు మొగ్గే ఎరుపు, క్రిమ్సన్ అని అమ్మేది, తీసుకోండి. చక్కటి వంకాయ రంగు వస్తుంది. బురద వచ్చిన రోజున కూడా పారబోయకండి, చెట్టు మాను వేయడానికి అదే కావాలి.

పేరు చెప్పకుండా పిల్లల చేతే కలిపించండి. ఆకుపచ్చ పుట్టగానే వాళ్ళు అరిచే అరుపు చూడాలి. ఆ క్షణంలో చెప్పిన 'ద్వితీయ రంగు' (రెండు ప్రాథమిక రంగులు కలిస్తే పుట్టేది) అనే మాటను నేను ఇక మళ్ళీ గుర్తుచేయాల్సిన పని పడలేదు.

ఒక హెచ్చరిక. పసుపులో సున్నం కలిపితే ఎర్రని పారాణి వస్తుందని పిల్లలకు ఇంట్లో తెలుసు. "మరి రంగులు కలిపితే ఎరుపు రాదన్నావు కదా అక్కా?" అని అడుగుతారు. అది రంగులు కలవడం కాదు, పసుపు గుణమే సున్నానికి మారడం అని చెప్పండి. అయితే రంగుల పాఠం రోజున ఆ ప్రయోగం చేయకండి, మాటలు కలిసిపోతాయి. సున్నం పిల్లల చేతికి ఇవ్వకండి, కంటికి ప్రమాదం.

మూడో వారం వేడి రంగులు, చల్ల రంగులు. పొయ్యి దగ్గరివి ఎరుపు, నారింజ, పసుపు. ఏటి దగ్గరివి నీలం, ఆకుపచ్చ. నాగావళి ఒడ్డును ఒకసారి ఎండలో, ఒకసారి సాయంత్రం వేయిస్తే తేడా తెలుస్తుంది.

ఏ పిల్లాడైనా ఎరుపును, ఆకుపచ్చను పదేపదే తారుమారు చేస్తుంటే గదమాయించకండి. రంగులు గుర్తించే చూపులో తేడా ఉండొచ్చు, మగపిల్లల్లో ఇది ఎక్కువ. కంటి డాక్టరుకు చూపించండి. క్రేయాన్ల మీద పేరు రాసి ఇస్తే వాడికి ఏ ఇబ్బందీ ఉండదు.

8. ముదురు, లేత

ఈ రెండు మాటలు మన ఇంట్లోనే ఉన్నాయి. మామిడి లేతాకు, ముదురాకు పక్కపక్కన పెట్టండి. తర్వాత ఒకే నీలంలో చుక్క చుక్క తెలుపు కలుపుతూ ఐదు గడులు నింపించండి. తెలుపు పెరిగేకొద్దీ లేత. ముదురు చేయడానికి ఇప్పుడు నలుపు బయటికి తీయండి, సూది మొనంత చాలు.

'లైట్ బ్లూ' అన్నప్పుడు చిన్నపిల్లలకు గుర్తొచ్చేది గదిలో వెలిగే లైటు. అందుకే 'లేత' స్థిరపడ్డాకే ఇంగ్లీషు మాట. వెలుగు, నీడ వేరే విషయం. దాన్ని చపాతీ పిండి ఉండ మీద టార్చి వేసి చూపించండి.

9. గరుకు, నునుపు

కళ్ళకు గంతలు కట్టి సంచిలో చెయ్యి పెట్టించండి. చేట ముక్క, స్టీలు చెంచా, కొబ్బరి పీచు, విస్తళ్ళు కుట్టే అడ్డాకు, పట్టుగుడ్డ వేసి ఉంచండి. తాకి మాట చెప్పాలి: గరుకు, నునుపు, మెత్తన, గట్టి, పీచుపీచు.

తరువాత అడ్డాకు వెనకవైపు ఈనెలు పైకి ఉండేలా పెట్టి, పల్చటి కాగితం కప్పి, క్రేయాన్‌ను పడుకోబెట్టి రుద్దించండి. కాగితం కదిలితే బొమ్మ చెదిరిపోతుంది, మూలలు మీరు పట్టుకోండి.

10. వరుస, అద్దం బొమ్మ

ముగ్గులో ఒకటే మలుపు మళ్ళీ మళ్ళీ వస్తుంది, చీర అంచులో ఒకటే పువ్వు. దాన్ని నేను వరుస అంటాను, బడిలో ప్యాటర్న్ అంటారు. చప్పట్లతో మొదలుపెట్టండి: చప్పట్, చప్పట్, చిటిక. అదే వృత్తం, వృత్తం, త్రిభుజంగా గీయించండి. మార్గశిర గురువారాల్లో ఒడియా ఇళ్ళ వాకిళ్ళలో బియ్యప్పిండి ఝోటి వేస్తారు. మన ముగ్గు పక్కన దాన్ని చూపించి, రెండింట్లో తిరిగి తిరిగి వచ్చేది ఏమిటో వెతికించండి.

సౌష్ఠవం అనే మాట నోరు తిరగదు. 'అద్దం బొమ్మ' అని పిలవండి. కాగితం మడిచి ఒకవైపు రంగు చుక్కలు వేసి, నొక్కి, విప్పండి.

11. దగ్గర, దూరం

మేడ ఎక్కండి. మన ఊళ్ళకు కొండలే పాఠం. దగ్గరి కొండ ముదురు ఆకుపచ్చ, చెట్లు విడివిడిగా కనిపిస్తాయి. దాని వెనకది లేత, అన్నిటికన్నా వెనకది నీలంగా మసకగా ఉంటుంది. ముదురు, లేత ముందే నేర్పితే ఇక్కడ పని సగం తగ్గుతుంది.

మూడు సూత్రాలు, ఒక్కో రోజు ఒక్కటి:

- ముందున్నది వెనకదాన్ని కప్పుతుంది
- దూరమైనది చిన్నగా కనిపిస్తుంది
- నేల మీది వస్తువు దూరమైతే కాగితంలో పైకి జరుగుతుంది

మొదటిదానికి రంగు కాగితం కొండలు కత్తిరించి ఒకదాని మీద ఒకటి అంటించండి. కప్పడం గీసి చెప్పడం కష్టం, అంటిస్తే తేలిక.

ఒకటో తరగతి పిల్లకు దూరం అర్థం కాకపోతే బలవంతం వద్దు. మనిషిని ఇల్లంత పెద్దగా వేయడం ఆ వయసు చూపు. మూడో తరగతికి దానంతటదే మారుతుంది.

12. తరచూ జరిగే తప్పులు, సరిదిద్దే తీరు

"ఏమిటిది, కుక్కా?" అని అడగడం. అది గుర్రమైతే పిల్ల ఆ రోజుకు మాట్లాడదు. "నీ బొమ్మ గురించి చెప్పు" అనండి.

"బాగుంది" అని వదిలేయడం. దాంట్లో నేర్చుకునే మాట లేదు. "ఈ అల గీతలు ఒకదాని పక్కన ఒకటి దగ్గరగా వేశావు" అనండి. మెచ్చుకోలు, పాఠం రెండూ అందులోనే ఉన్నాయి.

పిల్ల చెయ్యి పట్టుకుని మీరు గీసేయడం. ఇంకో కాగితం మీద మీరు గీసి చూపించండి, తన కాగితం తనకే వదలండి.

తప్పు మాట అనగానే "కాదు" అనడం. త్రిభుజాన్ని చతురస్రం అంటే "మూలలు లెక్కపెడదామా?" అనండి. తానే దిద్దుకుంటుంది.

రంగులన్నీ బురదవడం. రెండు డబ్బాల నీళ్ళ నియమం తప్పుతోంది. కడిగిన బ్రష్‌ను గుడ్డకు అద్దాకే కొత్త రంగు ముంచాలి.

13. మాట వచ్చిందో లేదో చూసుకోవడం

అప్పజెప్పించకండి, రాయించకండి. నెలకోసారి ఈ జాబితా పట్టుకుని పిల్ల పక్కన కూర్చోండి.

- పేరు చెప్తే గదిలో ఆ వస్తువు చూపిస్తోందా?
- వస్తువు చూపిస్తే పేరు ఏదో ఒక భాషలో చెప్తోందా?
- అడగకుండానే తన బొమ్మలో వాడుతోందా?
- వేరే పిల్ల బొమ్మ గురించి ఆ మాటతో మాట్లాడుతోందా?

మొదటి రెండింటికి అవునని వస్తే తర్వాతి మాటకు వెళ్ళొచ్చు. మిగతా రెండూ నిదానంగా వస్తాయి. మూడు వారాలైనా మొదటిదే రాకపోతే, ఆ మాటను పక్కన పెట్టి వస్తువును మళ్ళీ చేతికి ఇవ్వండి.

ఇక "అక్కా, ఈ గార వంపుగా ఉంది, కలర్ కొంచెం లేత" అని మూడు భాషలూ ఒకే వాక్యంలో వస్తే సరిదిద్దకండి. గీత, వంపు, లేత మూడూ ఆ పిల్లకు కనిపించాయి. ఏ మాట ఏ భాషదో విడదీయడం నాలుగో తరగతిలో చూసుకోవచ్చు.